ఫ్లోరిన్ వైపు

గత నెల రాప్తాడు దగ్గర ఒక పెళ్లింట్లో బోరు నీళ్లు తాగాను. తియ్యగా ఉన్నాయి. గుటక దిగాక మా నారాయణప్ప సార్ గుర్తొచ్చారు.

పదో తరగతిలో మాకు రసాయన శాస్త్రం చెప్పినది ఆయనే. నల్లమాడ వైపు పల్లెలో పుట్టి అక్కడి ఫ్లోరైడ్ నీళ్లే తాగి పెరిగినందువల్ల ఆయన మెడ అప్పటికే బిగుసుకుపోయింది. ఎవరు పిలిచినా మనిషంతా తిరిగి చూసేవారు. ఋణవిద్యుదాత్మకత పాఠం రోజు ఆయన అన్న మాటలు నాకింకా గుర్తు.

"రెండు హైడ్రోజన్లు జతైతే ఎలక్ట్రాన్లు నడిమధ్యన ఉంటాయి. పక్కన క్లోరిన్ ఉంటే అది తన దిక్కు లాగుతాది. ఫ్లోరిన్ అయితే ఇంకా గట్టిగా లాగుతాది. దాన్ని మించింది లేదు."

"మరి హైడ్రోజన్ ఏం చేస్తాది సార్?"

"ఏం చేస్తాదప్పా? ఆడనే ఉంటాది, కొంచెం పోగొట్టుకొని."

ఆ వారమే మమ్మల్ని ఇళ్ల నుంచి నీళ్లు తెమ్మన్నారు. గులాబీ రంగు మందు చుక్కలు వేస్తే నా సీసాలో నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందన్నమాట.

"మీ నాయనకు చెప్పు. చిన్నపిల్లోళ్లకైనా తాపొద్దను."

అంతకు కొన్నాళ్ల ముందే, నాలుగు బోర్లు ఎండిపోయాక ఐదోదానిలో నీళ్లు పడ్డాయి మాకు. నాయన వీధికంతా కొళాయి పెట్టించినాడు. ఆ రోజు సార్‌ను కూడా పిలిచి చెంబు చేతికిచ్చినాడు. "తాగు సార్, కొబ్బరినీళ్ల మాదిరుండాయి. మీ పుస్తకాల్లో ఉండాయా ఇట్లాంటివి?" నాయన అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఆ నవ్వు తలచుకుని, పరీక్ష సంగతి ఆయనకు నేను చెప్పలేకపోయాను.

"చెప్పినావా?" అని సార్ అడిగారు.

"చెప్పినా సార్. సరే అన్నాడు."

అప్పుడు మా చెల్లెలికి మూడేళ్లు. ఏడో ఏడు వచ్చేసరికి నడిస్తే మోకాళ్లు ఒరుసుకునేవి. ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తుంది.

నేనూ టీచరునయ్యాక ఒకసారి సార్ ఇంటికి పోయి అబద్ధం ఒప్పుకున్నాను. ఆయన మనిషంతా నా వైపు తిరిగారు.

"నాకు తెల్సులేప్పా. నువ్వు చెప్పినానన్న మర్నాడే మీ వీధిలో పోతా చూసినా. అందరూ ఆ నీళ్లే పట్టుకుంటాండిరి. నేనే లోపలికి రావల్సింది. మీ నాయన పెద్దమనిషి. నా ట్రాన్స్‌ఫర్ ఆయన నోటిమాటతో అయిపోతాది. భయపడి, పదో తరగతి పిల్లోని మీద పెట్టినా."

సార్ పోయినప్పుడు వంగి గట్టిపడిన వెన్ను నేలకు ఆనలేదు. తల కింద రెండు దుప్పట్లు మడిచి పెట్టాం. ఒకటి నేను మడిచాను.

మా బడిలో నేనూ పిల్లల చేత నీళ్లు తెప్పించి పరీక్షిస్తాను. ఫలితం మాత్రం వాళ్ల చేత పంపను. సాయంత్రం నేనే ఆ ఇంటికి పోతాను. గడప దగ్గర ప్రతిసారీ భయమేస్తుంది. చెప్పే వస్తాను.