జవాబు పాడే మనిషి

బందర్లో నాకు కేసెట్ల షాపు ఉండేది. షాపు వెనక ఒక గది, గోడలకి కొబ్బరిపీచు చాపలు, ఒక మైకు, చిన్న మిక్సరు. దాన్ని స్టూడియో అనేవాణ్ణి. ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండేది. తొంభైల్లో భజన బృందాలూ, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలూ అన్నీ అక్కడే రికార్డు చేయించుకునేవి. సంగీతం గురించి నాకు తెలిసినంత కృష్ణాజిల్లాలో ఇంకెవడికీ తెలీదని నా నమ్మకం. ఆ నమ్మకం ఎలా పోయిందో చెబుతాను.

ఒక వేసవి పొద్దున షాపు తీసేసరికి మెట్ల మీద ఒక పెద్దామె కూర్చుని ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. దివిసీమ నుంచి చల్లపల్లిలో బస్సు మారి వచ్చిందట. ముఖం చూడగానే గుర్తుపట్టాను. నా చిన్నప్పుడు మా పొలంలో ఊడ్పులకి పాట ఎత్తే మనిషి. దివిసీమలో ఊడ్పులు మొదలైతే రైతులు ముందు ఈమె ఏ రోజు వస్తుందో కనుక్కుని, తర్వాతే మిగతా కూలీలని మాట్లాడుకునేవాళ్ళు. ఈమె పాడుతుంటే పని రెట్టింపు అయ్యేదని మా నాన్న అనేవాడు.

"బాబూ, నా పాటలు కేసెట్టెయ్యాలి" అంది.

"ఇప్పుడెందుకు పెద్దమ్మా?"

"ఇప్పటి పిల్లలు గట్టు మీద టేపురికార్డరు పెట్టుకుని ఊడుస్తున్నారు. పాటంటే ఆ పెట్లోంచే రావాలంట. సర్లే, అయితే నన్నూ దాంట్లో పెట్టండి."

పగలబడి నవ్వాను. పల్లెపాటల కేసెట్లు అప్పుడు బాగానే పోతున్నాయి. సరేనన్నాను.

గదిలో కూర్చోబెట్టి మైకు పెడితే ఆమెకి గొంతు రాలేదు. నీళ్ళిచ్చాను, టీ ఇచ్చాను. ఊహూఁ. చివరికి లేచి, చీర పైకి దోపుకుని, నడుం వంచి నేల మీద చేతులాడిస్తూ అందుకుంది. ఓరి నాయనో! చాపలు కట్టిన గోడలు కూడా ఆపలేనంత గొంతు. పరిగెత్తుకెళ్ళి మైకుని తీసి మోకాలెత్తు స్టూలుకి తాళ్ళతో కట్టాను. వంగితేనే పాట వస్తుందని నాకేం తెలుసు?

రెండు వరసలు పాడి ఆపేసింది.

"ఆగావేం? కానీ" అన్నాను.

"ఇది నా వంతు బాబూ. జవాబు అది చెప్పాలి."

"ఎవరు?"

"మా ఆడపడుచు."

"ఆ జవాబు కూడా నువ్వే పాడెయ్యి."

నన్ను జాలిగా చూసింది. "నాకెట్టా తెలుస్తది? ఏ రోజు జవాబు ఆ రోజే కట్టేది. నిన్న చెప్పింది ఇయ్యాల చెప్పదు. నేను అడగడమే ఎరుగుదును."

నా తెలివికి గుడివాడ ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయిని పిలిపించాను. జవాబులు నేనే రాసిచ్చాను. ఆ పిల్ల శుభ్రంగా శ్రుతిలో పాడింది. పెద్దామె సగంలో నడుం ఎత్తి, "ఈ పిల్ల చదువుతోంది బాబూ, చెప్పట్లేదు" అంది. నాకు తిక్క రేగింది. "అయితే మీ ఆడపడుచునే తీసుకురా!" అని అరిచాను. ఆమె గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అప్పుడు చెప్పింది.

ఊడ్పు మొదలెట్టే ముందు వీళ్ళకి ఒక పిలుపు పాట ఉంది. ఆ రోజు వరసలో ఎవరు రాలేదో చూసి వదిన, అంటే ఈమె, అడుగుతుంది, ఫలానా ఇంటి మనిషి ఏదే అని. రానిదానికి ఆడపడుచు ఏదో ఒక కొంటె సాకు కట్టి పాడుతుంది. అందరూ నవ్వుతారు. ఇలా రానివాళ్ళందరి లెక్కా తేలాక, అందరం వచ్చామని ఇద్దరూ కలిసి పాడి నారు నాటడం మొదలెడతారు. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చి వెళ్ళిన మరుసటేడు మొదటి ఊడ్పుకి దిగినప్పుడు వరసలో సగం మంది లేరు. ఈమె నడుం వంచింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. నోరు దానంతటదే పిలుపు ఎత్తుకుంది. ఎత్తి, పక్కన ఖాళీ చూసి, అడగకూడనిది అడిగేసింది. ఉప్పెనలో పోయిన ఆడపడుచు కూతుర్ని, తన సొంత మేనకోడల్ని, ఏదే అని అడిగింది.

"అది చేతిలో నారు వదిలేసి గట్టెక్కి వెళ్ళిపోయింది బాబూ. ఈ రోజు వరకూ నాతో మాట లేదు. తప్పు నాదే. నోటికి మతి ఉంటదా? ఆ పాట అక్కడే ఆగిపోయింది. అది పూర్తి కాకుండా నేను చచ్చిపోతానేమోనని నా భయం. కేసెట్టు వంక పెడితే వస్తదేమోనని ఆశ."

అదీ సంగతి. నేనేమో పల్లెపాటలు, అమ్మకాలు అనుకుంటున్నాను. సిగ్గేసింది.

మర్నాడే బంటుమిల్లి వెళ్ళాను. ఆడపడుచు అక్కడ కొడుకు దగ్గర ఉంటోంది. నేను వెళ్ళేసరికి రొయ్యలు వొలుస్తోంది. బక్కపలచటి మనిషి, చూపు మాత్రం సూది. విషయం చెప్పాను.

"దాంతో నేను మాట్లాడను."

"మాట్లాడొద్దండీ, పాడండి చాలు."

"పాటంటే మాట కాదా? చదువుకున్నావు, ఆమాత్రం తెలీదా?"

చేతులు ఊపుకుంటూ వచ్చేశాను. పెద్దామెకి ఏం చెప్పాలో తెలీక వారం పాటు కబురే చెయ్యలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం చూస్తే ఆడపడుచు షాపు ముందు రిక్షా దిగుతోంది. "ఎప్పుడో చెప్పు, వస్తాను. అదేం అడుగుతదో చూస్తాను" అని అదే రిక్షాలో బస్టాండుకి వెళ్ళిపోయింది.

రికార్డింగు రోజు ఇద్దరూ చెరో బస్సులో వచ్చారు. ఒకే గదిలో ఉండి నాతో కబుర్లంపుకున్నారు. "బాబూ, ఆవిణ్ణి కాస్త అటు జరగమనండి." "బాబూ, జరగడానికి చోటెక్కడుందో ఆవిణ్ణే చూపించమనండి." మధ్యలో నేను మైకు వైరు పట్టుకుని నిలబడ్డాను. ఇదెక్కడి ఖర్మరా అనుకున్నాను.

నడుములు వంచారు. వదిన మొదటి ప్రశ్న ఎత్తింది.

ఇక నేను విన్నది ఎలా చెప్పను? అడగడం అయ్యీ అవకముందే జవాబు వచ్చి పడుతోంది. కాగితం లేదు, ముందు అనుకోవడం లేదు. నా షాపు మీదా, నా పొట్ట మీదా, వదిన కొత్త కళ్ళజోడు మీదా అప్పటికప్పుడు కట్టి వదులుతోంది ఆడపడుచు. ఒక్క వరస తాళం తప్పదు. ఇరవై ఏళ్ళు కలిసి పాడని మనుషులు ఊపిరి కూడా ఒకే చోట తీసుకుంటున్నారు. నేను మిక్సరు మీద చెయ్యి వెయ్యడం మానేశాను. సరిదిద్దడానికి ఏముందక్కడ? ఇన్నాళ్ళూ సంగీతం నాకే తెలుసని విర్రవీగానే, ఈ ఇద్దరి ముందు నేనెంత అనిపించింది. దణ్ణం పెట్టాలనిపించింది. నిజంగానే పెట్టాను, వాళ్ళు చూడలేదు.

కేసెట్టు రెండో వైపు చివర పిలుపు పాట. వదిన ఎత్తుకుంది.

"వరసలో మనిషి తక్కువుందే మరదలా
పెద్దింటి కోడలేదే మరదలా"

"అద్దంలో వంకరముక్కు చూసుకుంటందే వదినా
తిన్నగైనాకే వస్తానందే వదినా"

"మూలింటి ముసలమ్మ ఏదే మరదలా"

"పళ్ళు లేని నోటికి కిళ్ళీ నూరతందే వదినా"

ఇంకో ముగ్గురి గురించి అడిగింది. ముగ్గురికీ జవాబులు వచ్చాయి. ఆ తర్వాత వదిన ఆగిపోయింది. వంగిన నడుం వంగినట్టే ఉంది, చేతులు మాత్రం ఆడటం లేదు. టేపు తిరుగుతోంది. అందరం వచ్చామని పాడేసి ముగించవచ్చు కదా, ఎందుకు ముగించదు అనుకున్నాను. ఆమె ముగించలేదు. అడగనూ లేదు.

ఆడపడుచు తల తిప్పకుండానే, పాటలో కాదు, మామూలుగా అంది. "అడగవేం?"

ఇరవై ఏళ్ళలో మొదటి మాట.

వదిన అడిగింది. అది పాటో ఏడుపో నాకు తెలీదు.

"నీ చిన్నదేదే మరదలా
నా మేనకోడలేదే మరదలా"

ఆడపడుచు ఒక్క క్షణం కూడా ఆగలేదు. కొంటెగా, ఎప్పటిలాగే, అందుకుంది.

"అందరికన్న ముందే మడిలో దిగిందే వదినా
నీ పక్కనే నాటేస్తందే, చూసుకోవేమే వదినా"

వదిన చటుక్కున తన పక్కకి తిరిగి చూసింది. అక్కడ నా గది సిమెంటు గచ్చు తప్ప ఏమీ లేదు. నేనూ చూశాను.