తనఖా బ్యాంకుకు ఎడ్ల దలాల్

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వేసవిలో జాల్యాకు కూర్చుంటే ముల్లు, నిలబడితే నిప్పు. తొర్రూరుకు ఆమడ దూరంలోని తండాలో, తన ఎర్రనేల చెల్కలో, మూడేళ్ళు తవ్వి బావిలో నీళ్ళు చూశాడు. చూశాడు గానీ చుట్టూ రాతికట్టు లేదు. మృగశిర కార్తెకు ఇంకా రెండు నెలలు. ఆలోగా కట్టకపోతే ఒక్క గట్టివానకు ఒడ్డు కూలి, మూడేళ్ళ చెమట మన్నులో కలుస్తుంది. రోజుకు వందసార్లు బావి చుట్టూ తిరిగేవాడు. ఆ తిరుగుడుకు పడ్డ బాటలో రెండు బండ్లు ఎదురెదురుగా పోవచ్చని తండా అంతా చెప్పుకునేది.

రాతికట్టుకు అప్పు పుట్టాలంటే చెల్కను తొర్రూరులోని భూమి తనఖా బ్యాంకుకు కుదువ పెట్టాలి. కాగితం కదలాలంటే మధ్యన మనిషి ఉండాలి. బ్యాంకు ఎదుటి చాయ్ హోటల్లో అలాంటివాళ్ళు ఇద్దరు దొరికారు. ఒకాయన పేరైనా అడగకముందే తెల్లకాగితం తీసి వేలిముద్ర వేయమన్నాడు. జాల్యా బొటనవేలిని పిడికిట్లో దాచుకుని, తాగని చాయ్ వదిలేసి బయటపడ్డాడు. రెండో ఆయన చెల్క ఎక్కడుందో అడక్కుండానే పని అయిపోయిందనుకొమ్మన్నాడు. చూడకుండా అయిపోయే పని జాల్యాకు అంతుపట్టలేదు.

అతనికి నమ్మకమైన దలాల్ లోకంలో ఒక్కడే, అంగట్లో ఎడ్ల బేరాలు కుదిర్చే పోశాలు. ఎద్దు నోరు తెరిస్తే దాని తాత ఏ ఊళ్ళో దున్నిందో చెప్పేవాడని పేరు.

"బ్యాంకుకు మెట్లు ఎన్నున్నయో గూడ నాకు తెల్వదు, జాల్యా" అన్నాడు పోశాలు.

"నువ్వు నాకు తెలుసు గద అన్నా. గది చాలు."

సంగతి విన్న జాల్యా భార్య రుక్కి, రేపు జ్వరమొస్తే దవాఖానకు గొర్లకాపరిని తోలుకపోతావా అని దెప్పింది.

ఒప్పుకున్నాక పోశాలు తన పద్ధతి తప్పలేదు, ఎద్దును చూసినట్టే చెల్కనూ చూశాడు. చెల్క నాలుగు మూలలా నడిచాడు, మన్ను నలిపి వాసన చూశాడు. భూమి వివరాలుండే పహాణీకి నకలు తీయించి బ్యాంకులో ఇప్పించాడు. పదిహేను రోజులకు చెల్క చూడటానికి ఆఫీసరు మోటారు సైకిలు మీద వచ్చాడు.

"సార్, గీ చెల్కకు మూడు ఐబులున్నయి" అని మొదలుపెట్టాడు పోశాలు.

అప్పు ఇచ్చేవాడికే చెల్క లోపాలు చెబుతున్నాడేమిటని జాల్యా బిత్తరపోయాడు. తూర్పు మూలన బండ, వాగు పక్కన ఏటా తెగే గట్టు, పడమర అర ఎకరం చౌడు. పోశాలు ఒక్కొక్కటే చూపించుకుంటూ పోయాడు. జాల్యా వెనకనుంచి కండువా లాగినా ఆగలేదు. చివరికి బావిలోంచి చెంబుడు నీళ్ళు తోడి ఆఫీసరు చేతికిచ్చాడు. ఆయన తాగి ఇంకో చెంబు అడిగాడు.

"అప్పుకొచ్చి ఐబులు చెప్పేటోన్ని ఇప్పుడే చూస్తున్న."

"ఐబు దాసి అమ్మిన ఎద్దు మల్ల నా ఇంటికే వస్తది సార్."

ఆఫీసరు నవ్వలేదు. చెడ్డ నేలను లెక్కలోంచి తీసేసి, మిగతా చెల్కకు సిఫారసు రాశాడు. అడిగినదానికి తక్కువే, కానీ రాతికట్టుకు సరిపోతుంది.

కాగితాల రోజున జాల్యా వేలు సిరా దగ్గరే ఆగిపోయింది. చెల్క చేజారుతుందేమోనని భయం. పోశాలు చెవిలో అన్నాడు: "ఎద్దును అమ్మినా పగ్గం ఇయ్యం గద. నువ్వు అమ్ముతనే లేవు. పగ్గం ఇంట్లనే పెట్టుకో."

జాల్యా ముద్ర వేశాడు. ఇంటికెళ్ళి, చెల్కకు పగ్గం అదేననుకుని బావితాడు చుట్టి తలకింద పెట్టుకున్నాడు.

అప్పు చేతికొచ్చి రాతికట్టు లేచింది. చివరి రాయి పడిన మూడోనాడే ఆకాశం విరిగిపడింది. తాడు భుజాన వేసుకుని జాల్యా వానలో బావి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఒక్క రాయీ కదలలేదు. అతనూ కూర్చోలేదు.