ఏడో సీటు వదిన

మా వదిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. అక్కడ ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. వరసలో ఏడో కుర్చీ ఆమెది కాబట్టి ఏడో సీటు అనేవారు. రిటైరైన రోజు సభలో మాట్లాడిన పెద్ద ఆఫీసరు కూడా "మన ఏడో సీటు సేవలు" అన్నాడట. ఇంటికొచ్చి ఆ ముక్క చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

ఆమె మా ఇంటికి వచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్ళు. అమ్మ పోయి రెండేళ్ళయింది. అన్నయ్య ఉద్యోగం అన్నయ్యది, నా అల్లరి నాది. వదిన వచ్చాకే నాకు వేళకి తిండి, వేళకి తిట్లు మొదలయ్యాయి. ఒక సెలవురోజు నన్ను ఎక్స్ఛేంజికి తీసుకెళ్ళింది. గోడంత బోర్డు, దాన్నిండా బొక్కలు, తాళ్ళకి వేలాడే ప్లగ్గులు. ఆమె తన హెడ్‌సెట్ తీసి ఒక్క నిమిషం నా చెవులకి పెట్టింది. ఎవరో ఇద్దరు ఇల్లు ఖాళీ చేయడం గురించి పోట్లాడుకుంటున్నారు. నాకు మహా సరదా వేసింది. ఇంటికొస్తూ దారిలో "తర్వాత ఏమైంది వదినా, ఖాళీ చేశారా?" అని అడిగాను. అంతే, నడిరోడ్డు మీద ఆగి నా చెవి మెలేసింది.

"ఒరేయ్, మన చెవిలో పడ్డంత మాత్రాన అది మనదైపోదు. లైన్లో విన్నది లైన్లోనే వదిలెయ్యాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు చెవులు దులుపుకుని లేవాలి. తెలిసిందా?"

తెలిసిందన్నాను. అన్నయ్య మాత్రం ఆమె నోట ఒక్క సంగతైనా చెప్పించాలని జీవితాంతం ప్రయత్నించాడు. "మా ఆవిడ కడుపులో ఊరందరి గుట్టూ ఉందిరా, ఒక్కటీ కక్కదు" అని వాపోయేవాడు. ఎవరింట్లో ఎవరు అలిగి వెళ్ళారో, ఎవరి జబ్బు ముదిరిందో ఊరికన్నా ముందు ఆమెకి తెలిసేది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క మాట గుమ్మం దాటి రాలేదు.

నన్ను సౌండ్ పనిలో పెట్టింది కూడా ఆమే. ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేసే చిన్న షాపు నాది. అన్నయ్య పోయాక ఆమెని మా ఇంటికి తెచ్చుకున్నాను. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ మాటకొస్తే నేనే. అప్పటికే ఆమె కళ్ళు మసకబారుతున్నాయి. రెండేళ్ళు తిరిగేసరికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చింది. వీధిగుమ్మం ఉన్న ముందుగది ఆమెకిచ్చాం. గంట గంటకీ నోటితో టైము చెప్పే గడియారం ఒకటి కొని గోడకి పెట్టాను.

చూపు పోయిన మనిషికి చెవులే దిక్కు. అందులోనూ ఆమె చెవులు మామూలువి కావు. పొద్దుటి నుంచీ రేడియో వినేది, ఎవరో చదివి రికార్డు చేసిన నవలలు వినేది. ఒకరోజు హెడ్‌ఫోన్ వైరు కుర్చీకాలికి చుట్టుకుని పడిపోయింది. మణికట్టు వాచింది. నాకు కోపం వచ్చింది. సౌండ్ మెకానిక్కుని నేను ఇంట్లో ఉండగా మా వదిన వైరు తగిలి పడటమేంటి?

సబ్బుపెట్టెంత కంప్యూటర్ ఒకటి తెచ్చాను. లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. నవలలన్నీ అందులో ఎక్కించాను, రేడియో కూడా వచ్చేలా చేశాను, ఆమె తడిమి నొక్కడానికి నాలుగు పెద్ద మీటలు బిగించాను. ఇక మిగిలింది వైరు లేని హెడ్‌సెట్‌ని దానికి కలపడం. పావుగంట పని అనుకున్నాను. నాలుగు రోజులు నా ప్రాణం తీసింది. నల్లటి తెర మీద ఒక్కో మాటా టైపు చేయాలి. ముందు చుట్టూ ఏమున్నాయో వెతకమనాలి, తర్వాత జత కట్టమనాలి, తర్వాత కలవమనాలి. జత కట్టానంటుంది, కలవనంటుంది. కలిసిందనుకుంటే శబ్దం రాదు. శబ్దం వస్తే గొంతు పట్టేసినట్టు గరగరలాడుతుంది. నేను దాన్ని నానా బూతులూ తిడుతుంటే వదిన మంచం మీద కూర్చుని వేళాకోళం చేసేది.

"మా రోజుల్లో ప్లగ్గు పెడితే మాట, తీస్తే లేదు. దీనికి ప్లగ్గేదిరా?"

"ప్లగ్గుండదు వదినా. గాల్లో కలుస్తుంది."

"గాల్లో కలిసిపోయేలాగే ఉంది నీ వాలకం."

రెండోరోజున తప్పు కంప్యూటర్లో ఉందా హెడ్‌సెట్లో ఉందా అని తేల్చుకోవడానికి హెడ్‌సెట్‌ని నా ఫోన్‌కి కలిపి చూశాను. టక్కున కలిసింది, పాట పాడింది. అంటే హెడ్‌సెట్ మంచిదే. మళ్ళీ కంప్యూటర్ మీద పడ్డాను. నాలుగోరోజుకి దారికొచ్చింది. కానీ ఫోన్లోంచి ఆ హెడ్‌సెట్ పేరు తీసేయలేదు. రెండుసార్లు వేలితో నొక్కితే పోయేది. రేపు తీస్తాలే అనుకున్నాను, తర్వాత మరిచేపోయాను. అదీ నేను చేసిన పని.

మేం బాక్స్ అని పిలిచే ఆ కంప్యూటర్ బాగానే నడిచింది గానీ అప్పుడప్పుడు మొండికేసేది. కరెంటు పోయి వస్తే అది లేవడానికి ఒక నిమిషం పట్టేది. "పలకకపోతే హెడ్‌సెట్ ఆపి మళ్ళీ వెయ్యి వదినా" అని నేర్పాను. అయినా రోజుకోసారైనా "అబ్బాయ్, నీ బాక్సు అలిగింది" అని కేకేసేది.

ఇంతలో నా షాపున్న బిల్డింగ్ పడగొడతామన్నారు. రెండునెలల గడువు. ఎక్కడ వెతికినా చోటు కుదరలేదు. ఇంట్లో వీధిగుమ్మం ఉన్న గది ఒక్కటే, అందులో వదిన. ఆంప్లిఫయర్లన్నీ తెచ్చి వరండాలో పేర్చాను. అటు తిరిగితే తగులుతాయి, ఇటు తిరిగితే తగులుతాయి. నాకు అసలే ముక్కు మీద కోపం. ఒకరోజు చికాకులో మా బావమరిదితో అనేశాను. "ఎక్కడైనా మంచి వృద్ధుల హోమ్ ఉంటే చూడు. వదినకి నేను చెప్పుకుంటాను."

అన్న నోరు నాదే. మర్నాటికి కోపం దిగిపోయింది, సిగ్గేసింది. వాడికి ఫోన్ చేసి వద్దురా అని చెబితే సరిపోయేది. వాడు ఎలాగూ చేసేదేం లేదులే అని ఊరుకున్నాను. మా బావమరిది ఏ పనీ సరిగా చేయడు, ఖర్మకొద్దీ ఆ ఒక్కటీ చేశాడు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. నేను వరండాలో సోల్డరింగ్ చేస్తున్నాను. మూడవబోతుండగా బావమరిది ఫోన్. ఎత్తాను. అవతల చప్పుడు లేదు. హలో అన్నాను, హలో హలో అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. కట్టయిందనుకుని జేబులో పడేసుకున్నాను.

కాసేపటికి వదిన పిలిచింది. "అబ్బాయ్, బాక్సు పలకట్లేదురా."

విసుక్కుంటూ వెళ్ళాను. "రోజుకి పదిసార్లు పిలిస్తే నా పనెప్పుడు చేసుకోను వదినా?"

"విసిగిస్తున్నాను కదూ?"

"మరి? మామూలుగానా?" అన్నాను నవ్వుతూ. నవ్వుతూనే అన్నాను. ఆమెకి నా మొహం కనిపించదు కదా.

హెడ్‌సెట్ బాక్స్‌కి కలిపి వచ్చేశాను. సాయంత్రం అయిదున్నరకి బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి మాట వినపడింది. "ఇందాక అంతా చెప్పానుగా బావా, ఆ హోమ్‌లో గది ఏం చేద్దాం?" అన్నాడు. ఇందాక అన్న మాట నా బుర్రకెక్కలేదు. వాడి మీద ఒంటికాలి మీద లేచాను. "మా వదిన ఎక్కడికీ వెళ్ళదు. ఆవిడుండగా నా సామాను వరండాలో ఉంటే వచ్చిన నష్టమేం లేదు. ఇంకోసారి ఆ మాటెత్తావంటే కాళ్ళు విరగ్గొడతాను." వాడు నొచ్చుకుని పెట్టేశాడు. నా గుండెల మీంచి బరువు దిగింది. ఆ సాయంత్రం వదిన గదిలో కూర్చుని ఆమెతో పాటు రేడియో కూడా విన్నాను.

వారం తిరగ్గానే వదిన చెప్పింది, హోమ్‌లో చేరతానని.

"మా నాలుగో సీటు అక్కడ ఉందిరా. రమ్మని ఒకటే పోరు. ముప్పై ఏళ్ళు ఒకే వరసలో కూర్చున్నాం, ఇప్పుడు మళ్ళీ కూర్చుంటాం. నాకూ కాలక్షేపం కావద్దూ?"

మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మావల్ల ఏం తప్పు జరిగింది అక్కా?" అని అడిగింది. "ఛ, ఊరుకో పిల్లా" అంది వదిన. నేను రెండురోజులు వాదించాను. మూడోరోజు తగ్గాను. ఎందుకు తగ్గానంటే, లోపల ఎక్కడో ఒక మూల హమ్మయ్య అనిపించింది. ఆ గది, ఆ వీధిగుమ్మం కళ్ళముందు ఆడాయి. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. అది బావమరిది చెప్పిన హోమే. ఊళ్ళో ఉన్నవే రెండు కాబట్టి నాకు అనుమానం రాలేదు. బాక్స్ తీసుకెళ్ళమంటే వద్దంది. "అక్కడ హాల్లో రేడియో ఉంటుందట. ఇది ఇంకెవరికైనా ఇవ్వు" అంది.

నెలకి రెండుసార్లు వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. నాలుగో సీటు ఒక్కసారీ కనబడలేదు. అడిగితే కూతురింటికి వెళ్ళిందనేది, పడుకుందనేది వదిన. ముందుగది నా వర్క్‌షాపయింది. గోడమీద గడియారం అలాగే ఉంచాను.

ఆరునెలల తర్వాత, బాక్స్ ఊరికే పడి ఉందని బయటికి తీశాను. హెడ్‌సెట్ చార్జింగ్ పెట్టి, ఆన్ చేసి బల్లమీద పెట్టాను. బాక్స్ ఇంకా లేస్తోంది. ఎవరో కస్టమర్ ఫోన్. ఎత్తాను. చప్పుడు లేదు. హలో హలో అంటున్నాను. బల్లమీంచి సన్నగా ఒక గొంతు వస్తోంది. "సార్, నా స్పీకర్ అయిందాండీ? సార్?" ఆ కస్టమర్ గొంతు హెడ్‌సెట్లోంచి వస్తోంది. బాక్స్ లేచేదాకా ఆగే ఓపిక లేని హెడ్‌సెట్ పక్కనున్న నా ఫోన్‌ని పట్టుకుంది.

కరెంటు పోయి వచ్చిన ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. తర్వాత బావమరిదికి ఫోన్ చేశాను.

"ఆరోజు మొదటిసారి చేసినప్పుడు నాతో ఏమన్నావురా?"

"ఏమంటాను బావా, నువ్వు చెప్పిందే అన్నాను. హోమ్‌లో గది ఖాళీ అయిందన్నాను, పేరు చెప్పాను. పెద్దావిడకి చెప్పడానికి నీకు నోరు రాకపోతే నేను చెబుతానన్నాను. చోటు లేక నీ పని ఆగిపోయింది, ఇంకెన్నాళ్ళు మొహమాటపడతావన్నాను."

"నీకు నా గొంతే వినపడలేదు కదరా! అనుమానం రాలేదా నీకు?"

"నీ మాట రాలేదు గానీ మూడు గంటలు అని గడియారం చెప్పడం వినబడింది. పెద్దావిడ గదిలో ఉన్నావేమో, అందుకే నోరు మెదపట్లేదనుకున్నా."

మా బావమరిదికి అవతలివాళ్ళ జవాబుతో పనిలేదు. నేను వాణ్ణేమీ అనలేదు. అనడానికి నాకు మొహం లేదు.

మర్నాడు పొద్దున్నే హోమ్‌కి వెళ్ళాను. గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఎడమవైపు బల్ల, బల్లమీద ఫోన్, వెనక కుర్చీలో వదిన. తలకి వైరున్న హెడ్‌సెట్. ఆఫీసులో పిల్లకి సాయంగా తనే ఫోన్లెత్తుతోందట. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది. "ఏరా, ఈ పూట వచ్చావు?"

ఇప్పుడే వస్తానని చెప్పి ముందు ఆఫీసులో అడిగాను. నాలుగో సీటు పేరు చెబితే ఆ పేరుగలవాళ్ళెవరూ ఇక్కడ ఎప్పుడూ లేరన్నారు. వచ్చి వదిన ముందు స్టూలు మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. కరెంటు పోవడం, ఫోన్లోంచి పేరు తీయకపోవడం, వాడితో ముందు నేనన్న మాట, ఏదీ దాచలేదు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

"ఏ కాల్ రా? నేనేమీ వినలేదు."

"వదినా, నీ గడియారం మూడు కొట్టడం వాడు విన్నాడు."

"ఆ గడియారానికి నోరెక్కువ. నాకేమీ వినపడలేదంటున్నానుగా."

"ఇంటికి పద. నీ గది ఖాళీ చేసేస్తాను."

"ఇక్కడ ఫోనెత్తే దిక్కు లేదురా. ఈ పిల్లకి ఇద్దరు లైన్లో ఉంటే చేతులు ఆడవు. నేను బాగున్నాను."

నాకు దుఃఖం ఆగలేదు. "వాడు సాయంత్రం మళ్ళీ చేశాడు వదినా. మా వదిన ఎక్కడికీ వెళ్ళదన్నాను. ఇంకోసారి ఆ మాటెత్తితే కాళ్ళు విరగ్గొడతానన్నాను. ఒట్టు, వాణ్ణే అడుగు."

ఫోన్ తాడు సర్దుతున్న ఆమె చెయ్యి ఆగింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఎన్నిగంటలకి?"

"అయిదున్నరకి."

ఆమె తల ఊపింది. చెయ్యి చాచి, గాల్లో వెతుక్కుని, నా తల మీద పెట్టింది.

"అప్పటికి నువ్వొచ్చి నా బాక్సు బాగుచేసి వెళ్ళిపోయావు కదరా" అంది.

బల్లమీద ఫోన్ మోగింది. ఆమె చెయ్యి తీసుకుని, హెడ్‌సెట్ సర్దుకుని, ఎత్తింది.