సగంలో ఆగిన శుభలేఖ

డైరీ టైపు చేశాక ఫైలు సేవ్ చేసి, కంప్యూటర్ పూర్తిగా కట్టేసే లేస్తాను. ఈ అలవాటు రైల్లో కలిసిన ఒకావిడ వల్ల వచ్చింది.

ఆవిడ తాడేపల్లిగూడెంలో ఎక్కి, దుప్పటి చుట్టిన సీపీయూ ఒళ్ళో పెట్టుకుని నా ఎదుట కూర్చున్నారు. ఏలూరులో బాగుచేయించాలట. ఆవిడ భర్త గణపవరంలో శుభలేఖలు కంపోజ్ చేసేవారు. ఆయన పాత తెలుగు సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లలో నడవదు. అందుకని వర్చువల్ మెషీన్ పెట్టుకుని, కంప్యూటర్ లోపలే ఇంకో పాత కంప్యూటర్ నడుపుకునేవారు. నాదీ అదే పద్ధతి.

"మా అమ్మాయి శుభలేఖ మొదలెట్టారండి. పూర్తయ్యాకే చూపిస్తానన్నారు. మెషీన్ మూసేయకుండా, ఉన్నదున్నట్టు సగంలో ఆపి, కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళారు. మళ్ళీ లేవలేదండి."

తర్వాత ఆ కంప్యూటర్ కాలిపోయింది. డిస్కు మాత్రం మిగిలితే, అందులో ఉన్నదంతా ఒళ్ళోని ఈ సీపీయూలోకి ఎక్కించారు గానీ, ఆపిన చోటి నుంచి మెషీన్ తెరుచుకోవడం లేదు. ఆ ఆపిన స్థితిని తీసేస్తే మామూలుగా మొదలవుతుంది. సేవ్ చేయని శుభలేఖ మాత్రం పోతుంది.

"ఇంకేదైనా మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే చెప్పండి బాబాయిగారూ. దాంట్లో వేయిస్తాను."

నాకు తెలిసినవన్నీ తలచుకున్నాను. ఒకదాంట్లో సగంలో ఆపినది మరోదాంట్లో తెరుచుకోదని చెప్పక తప్పలేదు.

రైలు పూళ్ళ స్టేషన్ దాటింది. ఆవిడ దుప్పటి అంచు సర్దుతూ, "ఆయన ఆపింది తీసేసేటప్పుడు నేను పక్కన ఉండాలా అండి?" అని అడిగారు.

"అక్కర్లేదమ్మా, షాపువాళ్ళే చేస్తారు."

"అయినా ఉంటానండి. ఆయన పోయేటప్పుడు వంటింట్లో ఉండిపోయాను."