గాయం మానేదాకా మా వెంట నడిచిన అత్త

మొన్న మంగళవారం పొద్దున్న నేను షాపులో జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తున్నాను. మా ఇంటావిడ వచ్చి కుట్టుమిషను పక్కన నిలబడింది. "అత్త ఎలిపోనాది" అంది. గీయాల్సిన గీత సగంలో ఆగిపోయింది. తెగులూ తాపం లేకుండా, కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్లిపోయిందట.

ఆవిడకి మాతో రక్తసంబంధం లేదు. అరసవల్లి గుడికి వెళ్లే దారిలో మా పక్క వాటాలో ఉండేది. ముప్పై ఏళ్లకు పైగా ఆపరేషన్ వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి వీధి మొత్తానికీ అత్తే. నేను బట్టలు కుట్టుకుని బతికేవాణ్ని. ఆదివారాలు రేకుల షెడ్డులో వాక్యం చెప్తాను. ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదు, చదివిందంతా మిషను ముందు కూర్చునే చదివాను. అత్త ఆదివారం తెల్లవారుతూనే సూర్యదేవుడి దర్శనానికి వెళ్లేది. తిరిగొస్తూ మా పిల్లల చేతుల్లో ప్రసాదం పెట్టి, నన్ను చూసి, "నీకెట్టన్లే పాస్టరా. నీ దేవుడు ఇంటికొచ్చి నాతో తగువెట్టుకుంటాడు" అనేది.

ఆవిడని తలుచుకుంటే నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ తప్పు దాచి ఆవిడని పొగిడితే ఆ పొగడ్త అబద్ధమే.

మా ఇంటావిడకి మూడు కాన్పులూ ఆపరేషన్లే. మూడోదాని తర్వాత పొట్ట కండలు రెండుగా విడిపోయాయి, బొడ్డు దగ్గర పేగు పొడుచుకొచ్చింది. చర్మం మడతపడి కిందికి వేలాడేది. ఎండాకాలం ఆ మడతలో ఒరుసుకుని పుండ్లు పడేవి. బస్సులో ఎవరో లేచి సీటిచ్చేవారు. పెళ్లిళ్లలో "ఎన్నో నెలమ్మా?" అని అడిగేవారు. ఆమె నవ్వేసి ఊరుకునేది. ఇంటికొచ్చాక మాత్రం అన్నం ముట్టేది కాదు. విశాఖలో డాక్టరు చూసి, పేగు లోపలికి సర్ది, కండలు దగ్గరికి లాగి కుట్టి, మిగిలిన చర్మం తీసేస్తామన్నాడు. దాన్ని టమ్మీ టక్ అంటారని చెప్పాడు.

నేనేం చేశాను? ఆ ఆదివారమే అందం గురించి ప్రసంగించాను. అందం గడ్డిపువ్వు, పొద్దెక్కితే వాడిపోతుందని గొంతు పగిలేలా అరిచాను. ఎవరి గురించో షెడ్డులో అందరికీ తెలుసు. మా ఇంటావిడ తల దించుకుని కూర్చుంది.

సాయంత్రం అత్త షాపుకొచ్చింది. "మైకులో ఇన్నాను. ఒక మాట అడుగుతాను సెప్పు. నీకు ఈపున గడ్డ లేస్తే కోయించుకున్నావా, నేదా?"

"అది రోగం అత్తా."

"దానిదేటి, సోకా? దాని మడతలో పుండు నువ్వు సూసేవా? నాను సూసేను. ఆ గడ్డిపువ్వు మాట మగోల్లు సదివితే ఆడోల్ల పొట్ట మీదే ఎందుకు పడతాది బావూ?"

గ్రంథం నా చేతిలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టి, మర్నాడు విశాఖకి ఫోను చేసి ఆపరేషన్‌కి రోజు పెట్టించుకున్నాను.

ఆపరేషన్‌కి ముందురోజు అత్త మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి ఏమేం జరుగుతుందో ముందే చెప్పింది. "తెల్లారేసరికి సన్నబడిపోతాననుకోకే అమ్మీ. మొదట ఇంకా ఉబ్బుతాది. ఒక తుంటి కాణ్నించి రెండో తుంటి దాకా కోత ఉంటాది. అది ఎర్రగా ఉండి, ఏడాదికి పాలిపోతాది గానీ సెరిగిపోదు. అది సెరిగిపోవాలనుకుంటే ఇప్పుడే సెప్పు, మానేద్దాం." మా ఇంటావిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గీత ఉంటే ఉండనీ అత్తా. పొట్ట నిలబడితే సాలు" అంది.

అన్నీ అత్త చెప్పినట్టే జరిగాయి. పొట్టకి బెల్టు, పక్కనుంచి రెండు సన్నటి గొట్టాలు, వాటి చివర నీరు దిగే బుడ్డీలు. పడుకుంటే తల కింద రెండు దిళ్లు, మోకాళ్ల కింద ఒకటి. దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకోవాలి. రెండు వారాల దాకా నడుం వంచే నడవాలి, కానీ నడవడం మానకూడదు, మానితే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. పిక్క వాచినా, ఆయాసమొచ్చినా ఆ నిమిషమే ఆసుపత్రికి. మా అమ్మ బాలింతకు పెట్టినట్టు వెల్లుల్లికారం, వేడన్నం పెట్టి మంచినీళ్లు తగ్గించబోతే అత్త చెంబు లాక్కుంది. "ఒదినా, ఇది పురుడు కాదు. నీల్లు తాగకపోతే దొడ్డికెల్లినప్పుడు ముక్కాల. ముక్కితే కుట్టు ఊరుకుంటాదేటి?"

మూడోవారం రాకుండానే నేను నా తప్పు చేశాను.

మా సంఘంలో ఒక అలవాటుంది. జబ్బునుంచి లేచినవాళ్లు జనం ముందుకొచ్చి, నిటారుగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తి సాక్ష్యం చెప్పాలి. పదమూడో రోజు ఆదివారం. అత్త గుడికి వెళ్లింది. ఇదే సమయమని మా ఇంటావిడని ఆటో ఎక్కించాను. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా ఆమె పళ్లు బిగించింది. షెడ్డులో వంగి నిలబడితే నేనే అన్నాను, "నిటారుగా నిలబడు, విశ్వాసంతో చేతులెత్తు" అని. ఆ ఆపరేషన్ని తిట్టిన నోటితోనే, అది నా ప్రార్థన ఫలమని చూపించుకోవాలనుకున్నాను. ఆమె నా ముఖం చూసి, చేతులెత్తి, నిటారుగా నిలబడింది. అందరూ స్తోత్రం అన్నారు.

ఇంటికొచ్చేసరికి బెల్టు తడిసింది.

అత్త అప్పుడే గుడినుంచి వచ్చింది. కొంగుకి కర్పూరం వాసన ఉంది. బెల్టు విప్పి చూసింది. కోత మధ్యలో వేలంత మేర విచ్చుకుంది. "ఎవులు నిలబెట్టారు?"

"నేనే అత్తా."

అత్త చేతులు కడుక్కుని, శుభ్రమైన గుడ్డ వేసి, డాక్టరుకి ఫోను చేసింది. విశాఖ తీసుకెళ్తే మళ్లీ కుట్టక్కర్లేదు, రోజూ కట్టు మారిస్తే లోపల్నుంచి అదే పూడుకొస్తుంది అన్నారు. తిరిగొచ్చేటప్పుడు కారులో అత్త నాతో ఒక్కటే మాట అంది. "నువ్వు సాచ్చెం అడిగేవు. దానొంట్లో పనింకా అవ్వనేదు. అవ్వని పనికి సాచ్చెం ఎలగ సెప్తాది?"

ఐదు వారాలు. రోజూ పొద్దున్న స్నానం చేసి, గోళ్లు చూసుకుని వచ్చి కట్టు మార్చేది. చీము పడుతుందేమోనని నేను గుమ్మం దగ్గరే నిలబడి చూసేవాణ్ని. అంతకుముందు ఎన్నో మంచాల దగ్గర గట్టిగా ప్రార్థించినవాణ్ని. ఆ ఐదు వారాలూ నా ప్రార్థన పెదవి దాటలేదు. తర్వాతి ఆదివారం జనం ముందు నిలబడి, నా గర్వం నా భార్య గాయాన్ని తెరిచిందని ఒప్పుకున్నాను. ఆ మాట అత్తకి చేరింది. "బాగానే ఉన్నాది. ఒప్పుకున్నావు. మరి బట్టలెవులు ఉతికారు?" అంది. ఆ రోజునుంచి బిందె మోయడం, గంజి వార్చడం, దుప్పట్లు ఉతకడం నా పనులయ్యాయి.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. గాయం పూడుతుండగా టేపు పెట్టి నడుం కొలిచాను. ఆపరేషన్‌కి ముందు కొలతకంటే ఎక్కువొచ్చింది. మా ఇంటావిడ ఏడ్చేసింది. అత్త టేపు తీసి నా మెడలోనే వేసింది. "వాపుని కొలుస్తావేటి? ఆర్నెల్లు ఆగు. గాయం కేలండరు సూడదు, నీలాటోల్లే సూస్తారు." కుట్టు కింద చర్మం తాకితే తెలియడం లేదని మా ఇంటావిడ భయపడితే, "నిద్దరోతున్నాది. మెల్లగా లెగుస్తాది. కొంచెం లెగకపోయినా దానికేటి" అంది.

ఆరు నెలలకి వాపు దిగింది. పొట్ట చదునైంది. విచ్చుకున్నచోట గీత మాత్రం వెడల్పుగా మిగిలింది. అది డాక్టరు చేసింది కాదు, నేను చేసింది. మా ఇంటావిడ బరువేమీ పెద్దగా తగ్గలేదు. కానీ పాతపట్నంలో చుట్టాల పెళ్లికి వెళ్లి వచ్చి, "ఎవులూ ఏటీ అడగనేదు" అంది. అంతే. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

అత్త మతం మారలేదు. నేనూ మార్చాలని చూడలేదు. చూసేవాణ్నేమో, ఆ ఐదు వారాలు లేకపోతే. అనాథని, విధవని ఆదుకోవడమే నిజమైన భక్తి అని బైబిల్లో నేను చాలాసార్లు చదివాను. చదివినన్నిసార్లు ఆవిడ దాన్ని చేసింది, ఆ మాట తెలియకుండానే. ఇప్పుడు షెడ్డులో సాక్ష్యం చెప్పేవాళ్లకి నేను ముందు కుర్చీ వేస్తాను. కూర్చుని చెప్పమంటాను.

చివరి ఏడాది అత్తకి మోకాళ్లు, వెన్ను పట్టేశాయి. సగానికి వంగిపోయింది. సాయంత్రాలు ఎండ తగ్గాక మా ఇంటావిడ వెళ్లి ఆవిడని లేపి నడిపించేది. షాపులోంచి నాకు కనిపించేవారు. అత్త మాటలు నేలవైపే పడుతుంటే అవి వినడానికి మా ఇంటావిడ కూడా నడుం వంచేది. ఇద్దరూ ఒకే ఎత్తులో, తలలు దగ్గర పెట్టుకుని, ఏదో నవ్వుకుంటూ, ఆటోలని పక్కకి పోనిస్తూ, గుడివైపు దారిలో చిన్న చిన్న అడుగులేసుకుంటూ వెళ్తుండేవారు.