పాత పోగు కొసకు కొత్త తీగ

చిన్నీ, నువ్వు ఇక లేవని దవాఖాన నుంచి కబురు తెచ్చిన మనిషికి పీట వేసి, మంచినీళ్లు ఇచ్చాను. ఇంటికొచ్చినవాళ్లను నిలబెట్టి మాట్లాడొద్దని నువ్వే అనేదానివి కదా.

చదివేవాళ్లకు చెబుతున్నాను. నా ఒక్కగానొక్క బిడ్డ కామెర్లతో పోయింది. మాది భువనగిరి, మగ్గం నేసే ఇల్లు. నేను నాలుగో తరగతి దాటలేదు, తప్పులుంటే మన్నించండి. నా బిడ్డ ఏం చేసిందో నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

పట్నంలో లెక్కల యంత్రాలు చేసేవాళ్లు మా ఊళ్లో ఇల్లు కిరాయికి తీసుకుని, నేత తెలిసిన ఆడపిల్లలను పనికి పెట్టుకున్నారు. నా బిడ్డ కూడా చేరింది. ఆవగింజంత నల్లటి ఉంగరాల్లోంచి వెంట్రుకంత రాగి తీగలు అడ్డంగా, నిలువుగా దూర్చాలి. యంత్రం అంకెలను గుర్తుపెట్టుకునేది వాటిలోనేనట. "అమ్మా, యంత్రానికి మతి నేస్తున్నం" అని నవ్వేది. తీగ మాటిమాటికీ వంగిపోతుంటే, నా బిడ్డ ముందు సూదితో నూలు పోగు ఎక్కించి, దాని కొసకు తీగను పురిపెట్టి లాగింది. అందరికీ అదే నేర్పింది.

కొన్నాళ్లకు ఒక పెద్ద కంపెనీ ఆ పట్నం వాళ్ల మీద కేసు వేసింది. ఆ పద్ధతి తామే కనిపెట్టామని, సర్కారు ఇచ్చిన పేటెంటు కాగితం తమ దగ్గర ఉందని, మా వాళ్లు పని ఆపాలని. ఓడితే ఆ ఆడపిల్లలందరి పనీ పోతుంది. అలా చేయడం లేదని చెప్పమని మా వకీలు నా బిడ్డకు నేర్పాడు.

కోర్టుకు పోయే పొద్దున నాకు ముద్ద దిగలేదు. తను మాత్రం రెండు జొన్నరొట్టెలు తిని, ఇంకోటి అడిగి వేయించుకుంది.

"తినమ్మా. ఆకలి మీద మాట్లాడితే అబద్ధం తొందరగ వస్తది" అంది.

మీరు చేసేది ఈ పద్ధతేనా అని అవతలి వకీలు అడిగాడు.

"గదే చేస్తున్నం సార్. లేదని ఎట్లంట?"

మా వకీలు తల పట్టుకున్నాడు. అవతలి వకీలు ఇక చాలని కూర్చోబోతుంటే నా బిడ్డ ఆపింది.

"జర ఆగుండ్రి. వాడుతున్నమా అని అడిగిండ్రు, చెప్పిన. అది మీరు కొత్తగ కనిపెట్టిందేనా అని ఎవ్వరూ అడగరేంది?"

సంచిలోంచి మా మగ్గం పన్నె తీసింది. దువ్వెనలా ఉంటుంది అది. చీర అయిపోయాక మేం పడుగు పోగుల కొసలను అందులోనే ఉంచుతాం. వేళ్లకు బూడిద రాసుకుని, ఒక్కో కొత్త పోగును పాత కొసకు పురిపెట్టి పన్నెలోంచి లాగుతాం. అక్కడే చేసి చూపించింది. చీరకూ యంత్రానికీ పోలికేమిటని ఆ వకీలు నవ్వాడు.

"వేళ్లకు ఫరక్ తెల్వది సార్" అంది. జడ్జి గారు కళ్లద్దాలు సర్దుకుని, వంగి చూశారు. నన్నూ పిలిచి అడిగితే మా అత్త నేర్పిందని, ఆమెకు వాళ్ల అత్త నేర్పిందని చెప్పాను.

తీర్పులో ఒక మాట నాకు కంఠతా వచ్చు. కొత్తది కానిదానికి ఇచ్చిన పేటెంటు చెల్లదు, చెల్లనిదాన్ని మీరారనే ఆరోపణా నిలవదు. ఆ ఆడపిల్లలు ఇవాళ కూడా పనికి పోతున్నారు.

సెలవు రోజుల్లో తను నేస్తూ వచ్చిన చీర మగ్గం మీద సగంలో ఉండిపోతే, మిగిలింది నేనే నేసి దించాను. కొసలు పన్నెకు వేలాడుతున్నాయి. కోసెయ్యమన్నారు, కొయ్యలేదు. గిన్నెలో బూడిద తీసి పెట్టుకున్నాను. పొద్దున రొట్టె తిని, కొత్త పోగులు అతుకుతాను.

మీరు కూడా కడుపునిండా తినండి.