గ్యారేజీలో వేసవి

పాండురంగ ఇంట్లో గది వెచ్చబెట్టే హీట్ పంప్ ఉంది, గోడకు ఏసీలా. దాని వేడిగాలి తగిలింది మాత్రం అతిథులకే. ఇన్నేళ్లయినా ఆ రిమోట్ ప్లాస్టిక్ కవరు నలగలేదు. మేం భోజనానికి వెళితే రిమోట్ బీరువాలోంచి బయటికొస్తుంది. తిరుగు ప్రయాణంలో మేం గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ఉండగానే లోపల పంపు ఆపేసిన ‘బీప్’ వినబడుతుంది. న్యూజిలాండ్‌లోని ఈ హామిల్టన్‌లో మాకు అదే వీడ్కోలు.

అతన్ని పిసినారి అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఎవరు ఎప్పుడు విమానం దిగినా ఆక్లాండ్ దాకా డ్రైవ్ చేసుకుని వెళ్లి తీసుకొస్తాడు. అతని జబ్బు వేరు. అచ్చులో ఉన్నది తప్ప మనిషి నోటితో చెప్పింది నమ్మడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఆ జబ్బును ఇంకా ముదరబెట్టింది. రెండు నిమిషాల్లో నూడుల్స్ అని ప్యాకెట్ మీద ఉంటే గడియారం పెట్టుకుని దించుతాడు. భార్య ‘చలేస్తోంది’ అంటే మాత్రం అది ఆమె అభిప్రాయం.

“మా ప్రొద్దుటూరు ఎండలకు మాడినోళ్లం. చలి అనేది మనసులో ఉంటాదప్పా” అని నాకు చెబుతాడు, మూడు స్వెట్టర్లు వేసుకుని.

అతని భార్య ఉషశ్రీ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఏటా చలికాలం ఆమె వేళ్లు ఎర్రగా వాచి దురదపెడతాయి. ఈ జూన్‌లో, ఇక్కడ చలి మొదలవగానే, నా ఎదుటే తేల్చి చెప్పింది. “ఈ ఏడు కూడా ఇంతే అయితే నేను పాపని తీసుకుని ఆక్లాండ్ పక్కన హెండర్సన్‌లో మా అక్క దగ్గరికి వెళ్లిపోతానండీ. ఉద్యోగం అక్కడే వెతుక్కుంటా.” హాల్లో సూట్‌కేసు తెరిచి ఉంది. పాండురంగ దాన్ని కూడా అభిప్రాయాల్లో కలిపేశాడు.

సరిగ్గా అప్పుడే అతని కారు తలుపు అడుగున తుప్పు కనబడింది. చదువుకునే రోజుల్లో కొన్న బండి, ప్రాణం. మళ్లీ తుప్పు పట్టకుండా ఇనుముకు పూసే ఎపాక్సీ ప్రైమర్ తెచ్చాడు. రెండు డబ్బాలు, ఒకదానిలో ఇంకొకటి కలిపితేనే గట్టిపడుతుంది. శనివారం ఇద్దరం ముక్కులకు మాస్కులు కట్టుకుని ఇనుము మెరిసేదాకా తుప్పు రుద్దాం. బయట గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు.

టీ తెచ్చిన ఉషశ్రీ అడిగింది. “ఈ చలిలో అది ఆరుతుందా?”

“ఆరుతాది” అని పూసేశాడు.

మర్నాడు చూస్తే వేలు అతుక్కుంది. ఒక చిమ్మెట కూడా అతుక్కుని ఉంది. పాండురంగ డబ్బా తిప్పి చూశాడు. కొట్టువాడు తగ్గింపు ధర స్టిక్కరును సరిగ్గా అసలు వాక్యం మీదే అంటించాడు. దాన్ని గోటితో గీకితే బయటపడింది: పదిహేను డిగ్రీల లోపు వాడరాదు, పూర్తిగా గట్టిపడేదాకా పరిసరాలు వెచ్చగా ఉంచవలెను, లేనిచో ఊడిపోవును.

అతని ముఖం మారిపోయింది. పూసిందంతా తుడిచేశాడు. గ్యారేజీకి రెండు ఆయిల్ హీటర్లు వచ్చాయి. తలుపు సందులకు దుప్పట్లు కుక్కాడు, సైడ్ మిర్రర్‌కి థర్మామీటరు వేలాడదీశాడు. ఇనుము చల్లబడకూడదని మంచం మీది బొంత తెచ్చి కారు బానెట్ మీద కప్పాడు. వేడినీళ్ల ట్యాంకు ఉన్న అల్మారాలో పులవడానికి పెట్టిన దోసెల పిండిని బయటికి తోసి, ప్రైమర్ డబ్బాలను అందులో పడుకోబెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇంట్లో అది కూడా ఒక సుఖమే.

“ఎందుకంత హడావిడి?” అన్నాను.

“లేబుల్ మీద రాసినారు కదప్పా!”

వారం తర్వాత చూడ్డానికి రమ్మన్నాడు. ప్రైమర్ గోరు దిగనంత గట్టిగా ఉంది. గ్యారేజీలో నాకు చెమట పట్టింది. అక్కడి నుంచి హాల్లోకి వెళితే నోట్లోంచి పొగ.

సోఫాలో ఉషశ్రీ కూర్చుని ఉంది, పక్కన తాళం వేసిన సూట్‌కేసు. ఆమె స్వెట్టరు మీద వెడల్పాటి మాస్కింగ్ టేపు, దాని మీద మార్కరుతో డబ్బా మీది మాటలే: ‘పదిహేను డిగ్రీల లోపు వాడరాదు. పరిసరాలు వెచ్చగా ఉంచవలెను, లేనిచో ఊడిపోవును.’ అలాంటిదే ఒకటి కూతురు అలేఖ్య నుదుటి మీద, ఇంకొకటి దోసెల పిండి గిన్నెకు.

“అన్నయ్యా, మీరూ చదవండి” అంది. గొంతులో నవ్వు లేదు.

పాండురంగ మొత్తం చదివాడు. కారు దగ్గరి థర్మామీటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది మెల్లగా దిగి పదకొండు దగ్గర ఆగింది. తర్వాత భార్య వేళ్ల వంక చూశాడు. నిజంగా చూడటం అదే మొదటిసారనుకుంటాను, చెవులు ఎర్రబడ్డాయి. బీరువాలోంచి రిమోట్ తెచ్చి ప్లాస్టిక్ కవరు చింపేశాడు.

“ఇంత స్పష్టంగా ముందే చెప్పుంటే సరిపోయేది కదా” అని గొణిగాడు.

“ఇన్నేళ్లూ చెప్పాను. రాయలేదు, అంతే” అంది ఉషశ్రీ.

అతను హీట్ పంప్ వేసి సరిగ్గా పదిహేనుకు పెట్టాడు. ఆమె మార్కరు తీసి, టేపు మీద పదిహేను కొట్టేసి ఇరవై రెండు అని రాసింది. పాండురంగ వంగి చదువుకుని, ఒక్కొక్క నొక్కూ లెక్కపెట్టుకుంటూ ఇరవై రెండుకు తెచ్చాడు.

ఉషశ్రీ సూట్‌కేసు తెరిచి బట్టలన్నీ సోఫాలో గుమ్మరించింది. వాచిన వేళ్లను ఆ గాలికి పట్టుకుని, ఖాళీ సూట్‌కేసు గ్యారేజీలో పెట్టి రమ్మని నాకు చెప్పింది.